స్విఫ్ట్, ఐఎఫ్‌ఎస్‌సీ, ఐబాన్: విదేశాలకు డబ్బు పంపే ఫారంలో ఏ కోడ్ ఎక్కడ రాయాలి

డాలస్‌లో ఉన్న కూతురు ‘నాన్నా, మీ బ్యాంకు స్విఫ్ట్ కోడ్ పెట్టండి’ అని వాట్సాప్‌లో అడుగుతుంది. ఖమ్మంలో నాన్న పాస్‌బుక్ తెరుస్తాడు. అకౌంట్ నంబరు ఉంది, సీఐఎఫ్ నంబరు ఉంది, ఐఎఫ్‌ఎస్‌సీ ఉంది, ఎంఐసీఆర్ ఉంది. స్విఫ్ట్ కోడ్ ఒక్కటే లేదు. గూగుల్‌లో వెతికితే ఒకే బ్యాంకుకు రకరకాల కోడ్‌లు కనిపిస్తాయి. ఏదో ఒకటి పంపేద్దాంలే అనిపిస్తుంది. డబ్బు దారి తప్పడం మొదలయ్యేది సరిగ్గా అక్కడే.

ఈ కోడ్‌లు గుడ్డిగా కాపీ చేసుకోవాల్సినవి కావు, చదవాల్సినవి. ఏ అక్షరం ఏం చెబుతుందో ఒకసారి తెలిస్తే, తప్పు కోడ్‌ను మీరే పట్టుకోగలరు. బ్యాంకు కౌంటర్‌లో కూర్చున్నవాళ్లకు కూడా ఈ సంగతులన్నీ తెలిసి ఉంటాయని నమ్మకం లేదు. విదేశీ లావాదేవీలు చూడని బ్రాంచిలో పనిచేసే ఉద్యోగికి స్విఫ్ట్ కోడ్‌తో ఏడాదంతా పనే పడకపోవచ్చు. అందుకే మన జాగ్రత్త మనకు ఉండాలి.

ముందుగా స్విఫ్ట్ కోడ్‌ను విడగొట్టి చదవండి

స్విఫ్ట్ అనేది బ్యాంకులన్నీ కలిసి 1973లో బెల్జియంలో పెట్టుకున్న సహకార సంస్థ. ప్రధాన కార్యాలయం బ్రసెల్స్ పక్కన లా హుల్ప్‌లో ఉంది. అంతకు ముందు బ్యాంకులు ఒకదానికొకటి టెలెక్స్‌లో కబురు పంపుకునేవి. 1977 నుంచి ఆ పని స్విఫ్ట్ నెట్‌వర్క్ మీదకు మారుతూ వచ్చింది. ఇవాళ 200కు పైగా దేశాల్లో 11 వేలకు పైగా సంస్థలు దీన్ని వాడుతున్నాయి.

చాలామంది అనుకున్నట్టు స్విఫ్ట్ డబ్బును మోయదు. కబురును మాత్రమే మోస్తుంది. ‘ఫలానా అకౌంట్‌లో ఇంత జమ చెయ్యండి’ అన్న సందేశం ఒక బ్యాంకు నుంచి ఇంకో బ్యాంకుకు వెళ్తుంది. అసలు డబ్బు సర్దుబాటు ఆ బ్యాంకులు ఒకదాని దగ్గర ఒకటి తెరిచి ఉంచుకున్న అకౌంట్లలో జరుగుతుంది. స్విఫ్ట్ కోడ్ అంటే ఆ కబురు చేరాల్సిన బ్యాంకు చిరునామా, అంతే. దీనికే బీఐసీ అని ఇంకో పేరు. ఫారంలో స్విఫ్ట్ అని ఉన్నా, బీఐసీ అని ఉన్నా, రెండూ కలిపి ఉన్నా, అడిగేది ఒక్కటే.

కోడ్‌లో 8 అక్షరాలైనా ఉంటాయి, 11 అయినా ఉంటాయి. లెక్కపెడితే 9 లేదా 10 వచ్చిందంటే ఎక్కడో తప్పు జరిగినట్టే. భారతీయ స్టేట్ బ్యాంకు కోడ్‌ను తీసుకుందాం: ఎస్‌బీఐఎన్ ఐఎన్ బీబీ. ఫారంలో ఇంగ్లిష్ పెద్ద అక్షరాల్లో, మధ్యలో ఖాళీ లేకుండా రాయాలి. ఇక్కడ చదవడానికి వీలుగా విడగొట్టాను.

మొదటి నాలుగు అక్షరాలు బ్యాంకు. తర్వాతి రెండు దేశం: ఐఎన్ అంటే ఇండియా. ఆ తర్వాతి రెండు బ్యాంకు ఉన్న చోటు: బీబీ. ఇది చూసి ‘మా బ్రాంచి వరంగల్‌లో కదా, ఈ బీబీ ఎక్కడిది’ అని కంగారు పడకండి. మన దేశంలో చాలా బ్యాంకుల కోడ్‌ల చివర ఈ బీబీయే ఉంటుంది. హెచ్‌డీఎఫ్‌సీది హెచ్‌డీఎఫ్‌సీ ఐఎన్ బీబీ, యూనియన్ బ్యాంకుది యూబీఐఎన్ ఐఎన్ బీబీ, కెనరా బ్యాంకుది సీఎన్‌ఆర్‌బీ ఐఎన్ బీబీ. ఈ రెండు అక్షరాలు మీ ఊరి గుర్తు కావు. చివర ఇంకో మూడు అక్షరాలు ఉంటే అవి బ్రాంచిని చెబుతాయి. ఆ మూడూ లేకపోయినా, వాటి స్థానంలో మూడు ఎక్స్‌లు ఉన్నా ప్రధాన కార్యాలయం అని అర్థం. అంటే 8 అక్షరాల కోడ్ అసంపూర్ణమైనది కాదు. 11 గడులు ఉన్న ఫారం 8 అక్షరాలు ఒప్పుకోకపోతే చివర మూడు ఎక్స్‌లు చేర్చండి, సరిపోతుంది.

మొదటి నాలుగు అక్షరాలూ బ్యాంకు పేరులా వినిపించాలనేమీ లేదు. దుబాయ్‌లోని ఎమిరేట్స్ ఎన్‌బీడీ కోడ్ ఈబీఐఎల్ ఏఈ ఏడీ. 2007లో నేషనల్ బ్యాంక్ ఆఫ్ దుబాయ్‌తో కలవక ముందు ఆ బ్యాంకు పేరు ఎమిరేట్స్ బ్యాంక్ ఇంటర్నేషనల్. ఆ పాత పేరే కోడ్‌లో నిలిచిపోయింది. కాబట్టి మొదటి నాలుగు అక్షరాలు వింతగా ఉన్నాయని అనుమానించకండి. అనుమానించాల్సింది ఐదో, ఆరో అక్షరాలను. ప్రతిసారీ మీ చూపు మొదట పడాల్సింది వాటి మీదే.

ఆ దేశాల గుర్తుల్లో తికమక పెట్టేవి కొన్ని ఉన్నాయి. బ్రిటన్‌కు యూకే కాదు, జీబీ. జర్మనీకి జీఈ కాదు, డీఈ. జీఈ అంటే జార్జియా. సీహెచ్ అంటే చైనా కాదు, స్విట్జర్లాండ్, చైనాకు సీఎన్. ఏయూ ఆస్ట్రేలియా, ఏటీ ఆస్ట్రియా. ఎమిరేట్స్‌కు ఏఈ, సౌదీకి ఎస్‌ఏ, దక్షిణాఫ్రికాకు జడ్‌ఏ. మీరు లండన్‌కు పంపుతున్నామనుకుంటుంటే ఆ చోట ఇంకో దేశం అక్షరాలు కనిపిస్తే, అక్కడే ఆగి కారణం కనుక్కోవాలి.

ఒక ముఖ్యమైన లోపం కూడా తెలుసుకోండి. స్విఫ్ట్ కోడ్‌లో తప్పును పట్టుకునే అంకె ఏదీ లేదు. ఒక అక్షరం మారితే అది ఇంకో నిజమైన బ్యాంకు కోడ్ అయిపోవచ్చు, కంప్యూటర్ మారుమాట్లాడకుండా తీసుకుంటుంది. ఆధార్ నంబరులోనో, కార్డు నంబరులోనో ఉండే రక్షణ ఇక్కడ లేదు. నోటితో చెప్పించుకుని రాసుకోకండి. ఫోన్‌లో బీ, డీ, పీ, టీ ఒకేలా వినిపిస్తాయి.

పాస్‌బుక్‌లోని మిగతా నంబర్లతో కలిపేయకండి

ఎక్కువమంది పొరపడేది ఐఎఫ్‌ఎస్‌సీ దగ్గర. అదీ 11 అక్షరాలే, స్విఫ్ట్ కోడ్ కూడా 11 ఉండొచ్చు. పైగా స్టేట్ బ్యాంకుకు రెండింటిలోనూ మొదటి నాలుగు అక్షరాలు ఒకటే. తేడా ఐదో అక్షరంలో ఉంది. ఐఎఫ్‌ఎస్‌సీలో ఐదోది ఎప్పుడూ సున్నా. స్విఫ్ట్‌లో ఐదు, ఆరు స్థానాల్లో దేశం అక్షరాలు ఉంటాయి. ఐదో చోట సున్నా కనిపించిందా, అది ఐఎఫ్‌ఎస్‌సీ. అక్కడ ఐఎన్ కనిపించిందా, స్విఫ్ట్. ఈ ఒక్క గుర్తు చాలు. ఐఎఫ్‌ఎస్‌సీ రాసేటప్పుడు ఆ సున్నా చోట ఇంగ్లిష్ ఓ అక్షరం కొట్టేవాళ్లు చాలామంది, అదీ చూసుకోండి.

ఐఎఫ్‌ఎస్‌సీ మన దేశం లోపల పనిచేసే కోడ్. నెఫ్ట్, ఆర్‌టీజీఎస్ లాంటివాటికి రిజర్వు బ్యాంకు ఏర్పాటు చేసింది. అమెరికాలోని బ్యాంకుకు దానితో దారి దొరకదు. కానీ డబ్బు మన బ్యాంకు ముంబై కార్యాలయానికి చేరాక, మీ బ్రాంచి ఏదో చెప్పేది అదే. కాబట్టి స్విఫ్ట్ అడిగితే స్విఫ్ట్ ఇవ్వండి, దానితో పాటు ఐఎఫ్‌ఎస్‌సీ కూడా ఇవ్వండి. ఒకదానికి బదులు ఇంకొకటి మాత్రం కాదు.

ఎంఐసీఆర్ చెక్కు మీద ఉండే 9 అంకెల నంబరు. మొదటి మూడంకెలు ఊరు, తర్వాతి మూడు బ్యాంకు, చివరి మూడు బ్రాంచి. అమెరికాలో బ్యాంకును గుర్తించే రౌటింగ్ నంబరు కూడా 9 అంకెలే కావడంతో, అక్కడి ఫారంలో రౌటింగ్ నంబరు గడి చూసి మనవాళ్లు ఎంఐసీఆర్ రాసేస్తారు. అది పూర్తిగా తప్పు. ఎంఐసీఆర్ చెక్కుల క్లియరింగ్‌కు తప్ప విదేశీ బదిలీలో దేనికీ పనికిరాదు.

స్టేట్ బ్యాంకు ఖాతాదారులకు ఇంకో హెచ్చరిక. అకౌంట్ నంబరూ 11 అంకెలే, సీఐఎఫ్ నంబరూ 11 అంకెలే, రెండూ పాస్‌బుక్ మొదటి పేజీలో దగ్గరదగ్గరగా ఉంటాయి. సీఐఎఫ్ అంటే బ్యాంకు దగ్గర మీ గుర్తింపు నంబరు. దానికి డబ్బు జమ కాదు. పెద్దవాళ్లు పాస్‌బుక్ ఫొటో తీసి పంపితే, ఏది అకౌంట్ నంబరో దాని చుట్టూ గీత గీసి పంపమనండి.

సరైన స్విఫ్ట్ కోడ్ ఎక్కడ దొరుకుతుంది

మీ బ్యాంకు సొంత వెబ్‌సైట్‌లో, నెట్ బ్యాంకింగ్‌లో, లేదంటే బ్రాంచి మేనేజర్ దగ్గర. స్విఫ్ట్ సంస్థ వెబ్‌సైట్‌లో కూడా బీఐసీ వెతికే పేజీ ఉంది. రెండు చోట్లా ఒకటే వస్తే నిశ్చింత. కోడ్‌లు జాబితాలుగా పెట్టే ఇతర వెబ్‌సైట్లను నేను నమ్మను. ఎప్పుడో మూతబడ్డ బ్రాంచీల కోడ్‌లు అక్కడ ఏళ్ల తరబడి అలాగే ఉండిపోతాయి.

మీ బ్రాంచి పేరుతో కోడ్ దొరకకపోతే గాభరా వద్దు. విదేశీ మారకం చూసే కొన్ని బ్రాంచీలకే విడిగా కోడ్ ఉంటుంది. మిగతావాళ్లు ప్రధాన కార్యాలయం 8 అక్షరాల కోడ్ గానీ, బ్యాంకు చెప్పిన దగ్గరి పెద్ద బ్రాంచి కోడ్ గానీ వాడాలి. డబ్బు మీ అకౌంట్‌కే వస్తుంది, ఎందుకంటే అకౌంట్ నంబరు ఆ బ్యాంకు మొత్తంలో ఒక్కరిదే. చాలా బ్యాంకులు ‘విదేశాల నుంచి డబ్బు రావడానికి సూచనలు’ అని ఒక పేజీ ఇస్తాయి. డాలర్లకు ఒకటి, పౌండ్లకు ఒకటి, దిర్హమ్‌లకు ఒకటి. ఆ పేజీ కాగితం మీద తీసుకోండి. మిగతా ఎవరు చెప్పిన దానికన్నా అది నమ్మకం.

గ్రామీణ బ్యాంకులు, సహకార బ్యాంకుల్లో చాలావాటికి సొంత స్విఫ్ట్ కోడ్ ఉండదు. అలాంటి అకౌంట్ ఒక్కటే ఉంటే, ఇంకో బ్యాంకు కోడ్ అరువు తెచ్చుకుని ప్రయత్నించడం కన్నా ఏదైనా వాణిజ్య బ్యాంకులో ఒక అకౌంట్ తెరవడమే మంచిదని నా సలహా. నెలనెలా డబ్బు రావాల్సిన ఇల్లయితే మరీను.

మన రెండు రాష్ట్రాల్లో పాత కోడ్‌ల బెడద ఎక్కువ. భోగరాజు పట్టాభి సీతారామయ్య 1923లో మచిలీపట్నంలో పెట్టిన ఆంధ్రా బ్యాంకు 2020 ఏప్రిల్ 1న యూనియన్ బ్యాంకులో కలిసిపోయింది. నిజాం కాలంలో 1941లో మొదలైన స్టేట్ బ్యాంక్ ఆఫ్ హైదరాబాద్ 2017 ఏప్రిల్ 1న భారతీయ స్టేట్ బ్యాంకులో కలిసింది. సిండికేట్ బ్యాంకు కెనరాలో, విజయా బ్యాంకు బ్యాంక్ ఆఫ్ బరోడాలో. పదేళ్ల కిందట అమెరికా వెళ్లిన పిల్లల దగ్గర సేవ్ అయి ఉన్న వివరాలు ఆ పాత బ్యాంకువే. ఏఎన్‌డీబీతో, ఎస్‌బీహెచ్‌వైతో, ఎస్‌వైఎన్‌బీతో మొదలయ్యే కోడ్ మీ దగ్గర ఉంటే దాన్ని తీసేసి, కొత్త స్విఫ్ట్, కొత్త ఐఎఫ్‌ఎస్‌సీ రెండూ బ్రాంచిలో రాయించుకోండి. అకౌంట్ నంబరు అదే ఉందో మారిందో కూడా అప్పుడే అడగండి.

విదేశం నుంచి ఇంటికి: ఫారం నింపే వరుస

అమెరికా బ్యాంకు వెబ్‌సైట్‌లో వైర్ ట్రాన్స్‌ఫర్ తెరిచాక మొదట దేశం ఎంచుకోవాలి. ఇండియా అని ఎంచుకుంటే గడులు దానికి తగ్గట్టు మారతాయి. ఈ ఒక్క పని ముందు చెయ్యకపోవడం వల్లే రౌటింగ్ నంబరు, ఐబాన్ (యూరప్, గల్ఫ్ దేశాల అకౌంట్ నంబరు పద్ధతి) అంటూ మనకు లేనివన్నీ ఆ వెబ్‌సైట్ అడుగుతుంది.

తర్వాత డబ్బు అందుకునేవాళ్ల బ్యాంకు స్విఫ్ట్ కోడ్. కొట్టగానే బ్యాంకు పేరు, ఊరు కింద కనిపిస్తాయి. ఆ పేరు చదవండి. ఊరు ముంబై అని వస్తే తప్పేమీ కాదు. బ్యాంకు పేరే వేరేది వస్తే వెనక్కి వెళ్లండి.

అకౌంట్ నంబరు పూర్తిగా, ముందున్న సున్నాలతో సహా, పాస్‌బుక్‌లో ఎలా ఉంటే అలా.

పేరు దగ్గర మన తెలుగువాళ్లకు ఒక ప్రత్యేకమైన చిక్కు ఉంది: ఇంటిపేరు. పాస్‌బుక్‌లో ఇంటిపేరు ఒక్క అక్షరమే ఉంటుంది, పాస్‌పోర్టులో పూర్తిగా ఉంటుంది, అమెరికాలో అదే చివరకు వెళ్తుంది. అమ్మ పేరు పిల్లల కాగితాల్లో ఒకలా, బ్యాంకులో ఇంకోలా ఉండటమూ మామూలే. విదేశం నుంచి వచ్చిన డబ్బు జమ చేసేముందు బ్యాంకు పేరు సరిచూస్తుంది, తేడా ఎక్కువైతే ఆపి వివరణ అడుగుతుంది. కాబట్టి వాడుక పేరూ వద్దు, పాస్‌పోర్టు పేరూ వద్దు. పాస్‌బుక్‌లో ఉన్న పేరు, అదే వరుసలో, అవే అక్షరాలతో.

చిరునామాలో ఊరు, దేశం వేటి గడుల్లో అవి నింపండి. స్విఫ్ట్ సందేశాలు ఐఎస్ఓ 20022 అనే కొత్త పద్ధతికి మారాయి. ఎంటీ 103 అనే పాత రకం చెల్లింపు సందేశాల రోజుల్లోలాగా చిరునామా అంతా ఒకే వరుసలో కుక్కకండి. ‘సెల్ టవర్ పక్కన’ లాంటి గుర్తులు వద్దు. ఇంటి నంబరు, ఊరు, జిల్లా, పిన్ చాలు.

మధ్యవర్తి బ్యాంకు గడి చాలామందిని భయపెడుతుంది. డాలర్లు నేరుగా ఖమ్మం రావు. మన బ్యాంకుకు న్యూయార్క్‌లో ఏదో ఒక బ్యాంకులో డాలర్ అకౌంట్ ఉంటుంది. బ్యాంకువాళ్లు దాన్ని నోస్ట్రో అకౌంట్ అంటారు. పంపే బ్యాంకుకు దారి తెలిస్తే ఈ గడి ఖాళీగా వదిలినా పనవుతుంది. అడిగితే మాత్రం మన బ్యాంకు సూచనల పేజీలో డాలర్ల కింద ఉన్న బ్యాంకు పేరు, దాని స్విఫ్ట్ లేదా రౌటింగ్ నంబరు ఇక్కడ రాయాలి. ఆ పేజీలోనే ఒక అకౌంట్ నంబరు కూడా ఉంటుంది. అది మన బ్యాంకు నోస్ట్రో నంబరు, మీ అమ్మది కాదు. దాన్ని తీసుకెళ్లి అమ్మ అకౌంట్ నంబరు గడిలో రాస్తే డబ్బు బ్యాంకు దాకా వచ్చి, ఎవరిదో తెలియక అక్కడే నిలిచిపోతుంది.

చివరగా సందేశం గడి. అందులో మీ బ్రాంచి ఐఎఫ్‌ఎస్‌సీ, ‘కుటుంబ పోషణ’ అన్న కారణం ఇంగ్లిష్‌లో రాయండి. విదేశం నుంచి వచ్చే ప్రతి మొత్తానికీ, అది ఎందుకొచ్చిందో చెప్పే ఒక పర్పస్ కోడ్ మన బ్యాంకు వెయ్యాలి. ప్రవాసులు ఇంటి ఖర్చులకు, పొదుపుకు పంపేదానికి పీ1301. కారణం స్పష్టంగా ఉంటే బ్రాంచి నుంచి ఫోన్ రాదు. ఇంటి నుంచి పనిచేసి విదేశీ కంపెనీ దగ్గర ఫీజు తీసుకునేవాళ్లు మాత్రం ఈ కోడ్ వేయించుకోకూడదు. అది సంపాదన, కుటుంబ పోషణ కాదు. వాళ్లు చేసే పనికి తగిన కోడ్ వేరే ఉంటుంది, బ్యాంకుకు ముందే చెప్పి అదే వేయించుకోవాలి.

గల్ఫ్ నుంచి పంపేవాళ్లకు స్విఫ్ట్ ఎందుకు అడగరు

జగిత్యాల, నిజామాబాద్ నుంచో, కోనసీమ, కడప నుంచో దుబాయ్, కువైట్ వెళ్లినవాళ్లు ఎక్స్ఛేంజ్ దుకాణంలో కట్టేటప్పుడు అడిగేది ఐఎఫ్‌ఎస్‌సీ, అకౌంట్ నంబరు, పేరు. స్విఫ్ట్ అడగరు. కారణం ఉంది. రిజర్వు బ్యాంకు అనుమతించిన రూపీ డ్రాయింగ్ అరేంజ్‌మెంట్ కింద ఆ ఎక్స్ఛేంజ్ కంపెనీలకు మన బ్యాంకుల్లో రూపాయల అకౌంట్లు ఉంటాయి. అక్కడ మీరు దిర్హమ్‌లు కడితే ఇక్కడి ఆ అకౌంట్ నుంచి రూపాయలు దేశీయంగానే మీ ఇంటికి వెళ్తాయి. దేశం లోపలి ప్రయాణానికి ఐఎఫ్‌ఎస్‌సీ చాలు. అందుకే ఇలా పంపినప్పుడు గ్రామీణ బ్యాంకు అకౌంట్‌కు కూడా డబ్బు చేరుతుంది, స్విఫ్ట్‌లో చేరదు. చిన్న మొత్తాలకు ఈ దారే మేలు. అదే గల్ఫ్‌లో బ్యాంకు అకౌంట్ నుంచి అంతర్జాతీయ బదిలీ చేస్తే స్విఫ్ట్ కోడ్ అడుగుతారు.

ఇక్కడి నుంచి బయటికి పంపేటప్పుడు

పిల్లల కాలేజీ ఫీజుకో, హాస్టల్‌కో పంపేటప్పుడు దేశాన్ని బట్టి కోడ్ మారుతుంది. స్విఫ్ట్ కోడ్ అన్నిటికీ ఉంటుంది. దానితో పాటు అమెరికాకు 9 అంకెల రౌటింగ్ నంబరు, బ్రిటన్‌కు 6 అంకెల సార్ట్ కోడ్, ఆస్ట్రేలియాకు 6 అంకెల బీఎస్‌బీ, కెనడాకు 5 అంకెల ట్రాన్సిట్ నంబరు, 3 అంకెల సంస్థ నంబరు. అమెరికాలో ఒకే బ్యాంకుకు వైర్‌కు ఒక రౌటింగ్ నంబరు, మామూలు బదిలీలకు ఇంకొకటి ఉండొచ్చు. ‘వైర్ కోసం’ అని పక్కన రాసి ఉన్నదే తీసుకోండి.

యూరప్, గల్ఫ్ దేశాల్లో ఐబాన్ ఉంటుంది. ఇది బ్యాంకు, బ్రాంచి, అకౌంట్ మూడూ కలిసిన పొడవాటి నంబరు. ముందు రెండు దేశం అక్షరాలు, తర్వాత రెండు తనిఖీ అంకెలు. పొడవు దేశానికో రకం: జర్మనీ, బ్రిటన్‌లకు 22, ఎమిరేట్స్‌కు 23, సౌదీకి 24, ఫ్రాన్స్‌కు 27, కతార్‌కు 29, కువైట్‌కు 30. ఇండియాకు, అమెరికాకు, కెనడాకు, ఆస్ట్రేలియాకు ఐబాన్ లేదు. ‘మీ ఇండియా ఐబాన్ ఇవ్వండి’ అని జర్మనీ యజమాని అడిగితే, మాకు ఉండదు, అకౌంట్ నంబరు, స్విఫ్ట్ కోడ్ ఇస్తామని చెప్పండి. ఐఎఫ్‌ఎస్‌సీకి అకౌంట్ నంబరు అతికించి ఐబాన్ తయారు చెయ్యకండి.

స్విఫ్ట్ కోడ్‌లో లేని రక్షణ ఐబాన్‌లో ఉందని చెప్పడానికి ఆ తనిఖీ ఒక్కసారి చేసి చూపిస్తాను. నమూనాగా వాడే ఒక జర్మన్ ఐబాన్: డీఈ89 3704 0044 0532 0130 00. మొదటి నాలుగింటిని తీసి చివర పెట్టండి. ఇంగ్లిష్ ఏ అక్షరానికి 10, బీకి 11 చొప్పున లెక్కిస్తే డీకి 13, ఈకి 14 వస్తుంది. అప్పుడు సంఖ్య 370400440532013000131489. దీన్ని 97తో భాగిస్తే శేషం 1 రావాలి, వస్తుంది. ఒక్క అంకె తప్పినా, పక్కపక్క అంకెలు రెండు తారుమారైనా శేషం మారిపోతుంది, కాబట్టి బ్యాంకు కంప్యూటర్ డబ్బు కదలకముందే తిప్పికొడుతుంది. కానీ ఈ లెక్క నంబరు సరిగా రాశారా అన్నదే చెబుతుంది. అది మీరు అనుకున్న మనిషిదేనా అన్నది చెప్పదు.

మన బ్యాంకులో ఫారం ఏ2 (విదేశానికి డబ్బు పంపే దరఖాస్తు), పాన్ కావాలి. విదేశాలకు డబ్బు పంపుకోవడానికి రిజర్వు బ్యాంకు పెట్టిన ఉదారీకృత పథకం (ఎల్‌ఆర్‌ఎస్) కింద ఒక ఆర్థిక సంవత్సరంలో ఒక్కొక్కరికి 2,50,000 డాలర్ల దాకా అనుమతి. విదేశంలో చదువు ఖర్చుకు పర్పస్ కోడ్ ఎస్0305. ఫీజు కట్టేటప్పుడు సందేశం గడిలో విద్యార్థి ఐడీ నంబరు, పేరు తప్పక రాయండి. యూనివర్సిటీ అకౌంట్‌లోకి రోజూ ఎన్నో బదిలీలు వస్తాయి. మీ డబ్బును మీ అబ్బాయి పేరుకు కలిపేది ఆ నంబరే.

చార్జీల దగ్గర మూడు మాటలు కనిపిస్తాయి. అవర్ అంటే చార్జీలన్నీ పంపేవాళ్లవి. బెన్ అంటే అన్నీ అందుకునేవాళ్లవి. షా అంటే ఎవరి బ్యాంకువి వాళ్లవి, మధ్యవర్తి బ్యాంకు కోత మాత్రం దారిలోనే పోతుంది. ఫీజుకు అవర్ పెట్టండి. కొన్ని డాలర్లు తగ్గి చేరితే ఫీజు బాకీ ఉన్నట్టు చూపించి, అబ్బాయికి కోర్సు రిజిస్ట్రేషన్ ఆగిపోవచ్చు.

పంపించే ముందు అక్షరాలు మాట్లాడనివ్వండి

‘మా బ్యాంకు అకౌంట్ మారింది, ఈ కొత్త వివరాలకు పంపండి’ అని మెయిల్ వస్తే, అది ఎంత అసలైనదిలా కనిపించినా నమ్మకండి. మెయిల్‌లోకి చొరబడి అకౌంట్ వివరాలు మార్చే మోసం ప్రపంచమంతా ఉంది. స్విఫ్ట్ కోడ్‌లో ఐదు, ఆరు అక్షరాలు చూడండి. బ్రిటన్ యూనివర్సిటీకి కడుతుంటే జీబీ ఉండాలి. వేరే దేశం ఉంటే, యూనివర్సిటీ విద్యార్థి పోర్టల్‌లోకి మీరే లాగిన్ అయి అక్కడ ఉన్న వివరాలతో పోల్చండి. కొన్ని యూనివర్సిటీలు పేమెంట్ కంపెనీల ద్వారా ఫీజు తీసుకుంటాయి, అప్పుడు దేశం వేరుగా ఉండటం సహజమే, కానీ ఆ సంగతి పోర్టల్‌లో రాసి ఉంటుంది. మెయిల్‌లో ఉన్న ఫోన్ నంబరుకు కాకుండా, యూనివర్సిటీ వెబ్‌సైట్‌లో ఉన్న నంబరుకు ఫోన్ చేసి అడగండి. కన్సల్టెన్సీ వాళ్లు ఇచ్చిన అకౌంట్‌కు అసలే పంపకండి.

కొత్త అకౌంట్‌కు మొదటిసారి పెద్ద మొత్తం పంపాల్సి వస్తే, ముందు చిన్న మొత్తం పంపి చేరిందో లేదో అడగడం మంచిది. రెండుసార్లు చార్జీ పడుతుంది, నిజమే. లక్షలు ఇరుక్కున్నాక తిరిగేదానితో పోలిస్తే ఆ చార్జీ ఏపాటిది!

డబ్బు రాకపోతే

రెండు మూడు పనిదినాలు ఆగండి. అక్కడి వారాంతాలు, సెలవులు, ఇక్కడి ఆదివారాలు, రెండో, నాలుగో శనివారాలు లెక్కలోంచి తీసేయండి. అప్పటికీ రాకపోతే పంపినవాళ్లు తమ బ్యాంకును యూఈటీఆర్ అడగాలి. అది 36 గుర్తుల పొడవున, మధ్యలో అడ్డగీతలతో ఉండే నంబరు. ప్రతి స్విఫ్ట్ చెల్లింపుకూ ఇది వెంట వెళ్తుంది, దారిలో ఏ బ్యాంకు దగ్గర ఆగిందో దీనితోనే తెలుస్తుంది. దానితో పాటు చెల్లింపు సందేశం కాపీ కూడా తీసుకోండి. పాత అలవాటు కొద్దీ దాన్ని చాలామంది ఎంటీ 103 అనే అంటారు. అందులో స్విఫ్ట్ కోడ్, అకౌంట్ నంబరు, పేరు వరుసగా చదివి మీ పాస్‌బుక్‌తో పోల్చండి. తప్పు ఎక్కడుందో సగం సందర్భాల్లో అక్కడే దొరికిపోతుంది.

తప్పు కనిపించిన వెంటనే పంపిన బ్యాంకుకు చెప్పాలి, అందుకునే బ్యాంకుకు కాదు. సందేశాన్ని సవరించమనడం గానీ, వెనక్కి రప్పించమనడం గానీ వాళ్లే చెయ్యగలరు. అమెరికా నుంచి వ్యక్తిగతంగా పంపిన బదిలీని డబ్బు కట్టిన 30 నిమిషాల్లోపు, అది ఇంకా అందుకునేవాళ్ల చేతికి చేరకపోతే, ఉచితంగా రద్దు చేసుకునే హక్కు అక్కడి చట్టంలోనే ఉంది. కాబట్టి పంపిన నిమిషంలోనే రసీదు తెరిచి మళ్లీ చదవడం అలవాటు చేసుకోమని పిల్లలకు చెప్పండి.

ఇక్కడి బ్యాంకులో మాట్లాడాల్సి వస్తే మామూలు బ్రాంచి కౌంటర్ దగ్గర కాకుండా, ఆ బ్యాంకు విదేశీ మారకం విభాగం ఫోన్ నంబరు, మెయిల్ అడిగి తీసుకోండి. యూఈటీఆర్, తేదీ, మొత్తం, పంపిన బ్యాంకు పేరు నాలుగూ మొదటి మెయిల్‌లోనే రాయండి. డబ్బు జమ అయ్యాక, అది విదేశం నుంచి వచ్చినట్టు పత్రం ఇమ్మని అడిగి ఫైల్‌లో పెట్టుకోండి. ఆదాయపు పన్ను వాళ్లు అడిగినప్పుడు, ఇల్లు కొనేటప్పుడు ఆ డబ్బు ఎక్కడి నుంచి వచ్చిందో చూపించడానికి అది కావాలి.